డ్రాగన్ మనిషిని అడిగిన ఆదివారాలు

పులివెందులలో ఆ ఇంటి ముందుగది రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. లారీ పోయినప్పుడల్లా కిటికీ రెక్క కొట్టుకుంటుంది, గోడకున్న క్యాలెండరు ఊగుతుంది, గ్లాసుల్లో టీ మీద సన్నటి వలయాలు లేస్తాయి. ఆ గదిలోని టేబుల్ మీదనే మా డ్రాగన్ మనిషి నిలబడేవాడు. వేలెడంత బొమ్మ. రాగితీగ చుట్టూ, పైపుల లీకులకు పూసే పుట్టీని ముద్దచేసి అతికించి, ఆరాక ఆకుపచ్చ రంగు వేసిన బొమ్మ. మెడ దగ్గర తీగ పలచగా ఉండడంతో తల ఒకచోట నిలిచేది కాదు. ఫ్యాను తిరిగినా ఊగేది, ఎవరైనా టేబుల్ మీద మోచెయ్యి ఆనించినా ఊగేది. చేసినాయన ఎలక్ట్రీషియన్. ఇంకో చుట్టు తీగ వేస్తే సరిపోతుందని ఆయనకు తెలియక కాదు. వేయలేదు.

"వాడు అట్లనే ఇంటాడు అందరి మాటా" అనేవాడు.

ఈ ఆట చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. ఇందులో గెలుపూ ఓటమీ ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రను కాగితం మీద పుట్టించుకుని ఆ కథలోకి దిగుతారు. "లోయ అంచున నిలబడ్డావు, కింద మంట కనిపిస్తోంది, ఏం చేస్తావు?" అని కథ నడిపే మనిషి అడుగుతాడు. మనం చెప్పాలి. చెప్పింది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మనుషులుగా ఆడొచ్చు, మరుగుజ్జులుగా ఆడొచ్చు, డ్రాగన్ మనుషులుగానూ ఆడొచ్చు. డ్రాగన్ మనిషంటే మనలాగే రెండు కాళ్ల మీద నడిచి, మనలాగే మాట్లాడే జాతి. ఒంటినిండా పొలుసులు, మొహం మాత్రం డ్రాగన్‌ది. రెక్కలుండవు. నోట్లోంచి నిప్పు ఊదగలడు, కానీ ఒకసారి ఊదితే మళ్లీ విశ్రాంతి తీసుకునేదాకా ఊదలేడు. ఏ పాత్ర అయినా కథలో చచ్చిపోవచ్చు. చచ్చిపోతే ఆ కాగితం పక్కన పడేసి ఇంకొకటి రాసుకోవడమే.

నేను వార్త కోసం పోయి అక్కడే ఉండిపోయినవాణ్ణి. ప్రొద్దుటూరులో ఒక మందుల షాపు మిద్దెమీద ఇలాంటిదేదో ఆడుతున్నారని ఎవరో చెబితే, ఆదివారం పేజీకి పనికొస్తుందని పోయాను. రాసినదాని మీద ప్రకటన పడి, సగానికి తెగిపోయి అచ్చయింది. మరుసటి వారం ఏదో సందేహం అడగాలన్న సాకుతో మళ్లీ పోయాను. కుర్చీ చూపించి, నువ్వొక ముసలి మంత్రగాడివనుకో అన్నారు. అనుకున్నాను.

మేం నలుగురం. కథ నడిపేది కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన. జమ్మలమడుగులో అర్చకుల ఇంటి మనిషి కావడంతో అందరం సామీ అనే పిలిచేవాళ్లం. మందుల షాపామె దొంగ పాత్ర ఆడేది. తాళాలు తీయడంలో, బేరమాడడంలో ఆమెకు ఎదురులేదు. నాలుగో మనిషి తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఎలక్ట్రీషియన్. గొర్రెలు సాకే కుటుంబం. నాయనకు నడక పడిపోయాక మందను అమ్మేశారు, ఆయన గనిలో చేరి, పులివెందులలో అమ్మతో కలిసి అద్దెకుంటున్నాడు. ముప్పై దాటి ఉంటాయి. నన్ను మామా అనేవాడు, షాపామెను అక్కా అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు. డ్రాగన్ మనిషిగా మారితే మాత్రం ఆయన్ను ఆపడం కష్టం.

ఆ పాత్రను ఆయన ఎంచుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. సామి తెచ్చిన పుస్తకంలో మనుషుల బొమ్మలున్న పేజీలు గబగబా తిప్పేశాడు. మనుషులం ఉండనే ఉండాం గదా అన్నాడు. డ్రాగన్ మనిషి దగ్గర ఆగి, వీనికి ఇల్లు యాడ, మంద యాడ అని అడిగాడు. ఈ జాతివాళ్లు ముందు వంశం పేరు, ఆ తర్వాత సొంత పేరు చెప్పుకుంటారని, వంశం మాట దాటరని సామి చదివి వినిపించాడు. మా ఇంటిపేరు మాదిరే అని సంబరపడ్డాడు. పుస్తకంలో కొమ్ములు నిటారుగా ఉంటే, ఈయన చేసిన బొమ్మకు చెవుల చుట్టూ మెలితిరిగిన కొమ్ములు వచ్చాయి.

"ఉడుముకు పొట్టేలు కొమ్ములు అతికిచ్చినావు గదప్పా" అంది షాపామె.

"రెండూ మొండివేలే అక్కా" అన్నాడు.

ఆ డ్రాగన్ మనిషి వల్ల సామి పడిన అవస్థ అంతా ఇంతా కాదు. సామి కథ చెప్పేటప్పుడు నాటకాల్లో రాజుల భాష వాడేవాడు. "ఓ అగ్నివంశజుడా, ఈ దుర్గద్వారమున నీ రాకకు కారణమేమి?" అనేవాడు. డ్రాగన్ మనిషి, "ఏం లేదప్పా, ఈ తోవన పోతాంటిమి, తలుపు తీసుంటే వస్తిమి" అనేవాడు. ఇక నిప్పు సంగతి. ఒకసారి కథలో ఓ పూటకూళ్ల ఇంట్లో దిగాం. అక్కడ గొర్రె తలకాయలు కాల్చడానికి పుల్లలు లేవని వంటామె వాపోయింది. డ్రాగన్ మనిషి వాటిని వరసగా పేర్చమని, ఒక్క ఊదు ఊది, బొచ్చంతా కాల్చి ఇచ్చాడు. కాళ్లు కూడా కాల్చి ఇచ్చాడు. ఆ వెంటనే దొంగలు మీద పడ్డారు. సామి ఆ నిప్పునే నమ్ముకుని దొంగల సంఖ్య రాసుకున్నాడు. ఊదడానికి ఏమీ మిగల్లేదు. మేం ముగ్గురం కిటికీలోంచి దూకి పారిపోయాం. యుద్ధానికి వాడాల్సింది వంటకు వాడతారా అని సామి విసుక్కుంటే, తలకాయలు కాల్చకుండా వండితే ఎవరు తింటారు సామీ అని ఆయన నిజంగానే అడిగాడు.

ఎప్పుడూ ఏదో తొందరలోనే ఆడేవాళ్లం. ఆదివారం సాయంత్రం నేను డెస్కులో కూర్చోవాలి. షాపామెకు కింద గిరాకీ. ఆయనకు రెండో షిఫ్టు పడితే మధ్యాహ్నానికే కంపెనీ బస్సు వస్తుంది. ఒక వారం ప్రొద్దుటూరు, ఒక వారం జమ్మలమడుగు, ఆయన షిఫ్టును బట్టి ఇంకో వారం పులివెందుల. అందరం ఒక చెవి ఆటకు ఇచ్చి, ఒక చెవి బస్సు హారన్‌కు పెట్టుకుని కూర్చునేవాళ్లం.

పోయిన ఎండాకాలానికి కథ ఒక లోయ దగ్గరికి చేరింది. గండికోట దగ్గర పెన్న కోసుకుంటూ పోయే ఆ గట్లను మనసులో పెట్టుకునే సామి ఆ లోయ గీశాడని చూడగానే తెలిసిపోయింది. ఎర్రటి బండలు, కింద సన్నటి నీళ్లు. ఆ నీళ్లు ఒకరోజు ఆగిపోయాయి. కొండలోని ఒక శక్తి ఊటను పట్టుకుని కూర్చుంది. డ్రాగన్ రక్తం ఉన్నవాడు ప్రాణమిస్తేనే వదులుతానంది. లోయ కింద ఊళ్లున్నాయి. మాలో డ్రాగన్ రక్తం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

సామి దీన్ని చాలా రోజులుగా అనుకుని రాసుకున్నాడు. గొప్ప త్యాగం అవుతుందని, ఆయనకు మంచి ముగింపు ఇస్తున్నానని అనుకున్నాడు. షాపామె కూడా, ఇంకొకటి రాసుకుందువులే, ఈసారి రెక్కలుండేది ఏదన్నా చూసుకో అంది. ఆయన తల వంచుకుని, బొమ్మ కొమ్ములను బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు. కంపెనీ బస్సులో పోయేటప్పుడు ఆ బొమ్మ ఆయన చొక్కా జేబులో ఉంటుందని మా ముగ్గురికీ తెలుసు. మంద పోయాక ఆయన సాకింది ఆ ఒక్కదాన్నే అని వాళ్లమ్మ ఒకసారి టీ ఇస్తూ నవ్వులాటకు అంది. ఆయన నవ్వలేదు.

"ఇయ్యనని నేను అనను సామీ. కానీ అడగాల గదా" అన్నాడు చివరికి.

"ఎవర్ని?"

"వాణ్ణే. మా ఇండ్లల్లో పొట్టేలును అడక్కుండా కత్తి ఎత్తరు."

ఇక్కడివాళ్లందరికీ తెలిసిన పద్ధతే. జాతరలో పొట్టేలును నిలబెట్టి వీపు మీద పసుపునీళ్లు పోస్తారు. అది తలనుంచి తోకదాకా ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా అందరూ నిలబడి ఉండాల్సిందే. ఎండైనా, ఎంతసేపైనా. చిన్నప్పుడు మా వైపు ఊళ్లలో నేనూ నిలబడ్డాను. విదిలించకపోతే బాగుండునని లోపల అనుకుంటూ.

ఇది పుస్తకంలో లేదన్నాడు సామి. నియమాల పుస్తకాన్ని ఆయన తేలిగ్గా దాటడు. దానికి ఈయన, "వీనికి ఇంటిపేరు ఉండాదని పుస్తకంలో ఉంది గదా. ఇల్లున్నాక పద్ధతి ఉండదా?" అన్నాడు. సామి కాసేపు పాచికను అరచేతిలో దొర్లించి, సరే అడుగు అన్నాడు. విదిలించకపోతే ఏం చేస్తారని షాపామె అడిగింది. మళ్లా పోస్తాం, కూచ్చుంటాం అన్నాడు. అప్పటికీ కాకపోతే? ఇంగొక వారం అన్నాడు.

ఆ ఆదివారం ఆట పులివెందులలోనే. ఫ్యాను ఆపించాడు. కిటికీ మూశాడు. గది ఉడికిపోతోంది. టేబుల్ మీద పరిచిన పాత పేపరు మధ్యలో బొమ్మను నిలబెట్టి, వాళ్లమ్మను అడిగి తెచ్చిన పసుపునీళ్లు చెంచాతో వీపు మీద పోశాడు. పోసి లేచాడు. సాకినోళ్లు ముందర నిలబడకూడదని చెప్పి బయటికి పోయాడు. వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు అటూ ఇటూ వినిపిస్తూనే ఉంది. మేం ముగ్గురం, చదువుకున్నవాళ్లం, చెమటలు కారుతుంటే పుట్టీ బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాం. షాపామెకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆమే కాళ్లు ఊపడం మానేసింది.

లారీ వచ్చింది. బరువుది. నేల అదిరింది, బొమ్మ తల ఊగింది.

కదిలాడు, నేను చూశాను అన్నాడు సామి. కదిలించింది లారీ అంది షాపామె. ఇద్దరూ గొంతు తగ్గించే వాదించుకున్నారు. చెప్పుల చప్పుడు ఆగింది. ఆయన గుమ్మంలో నిలబడి, వాళ్లిద్దర్నీ కాదని నన్ను అడిగాడు.

"మామా, నువ్వు పేపరోనివి. చూసింది చెప్పు. ఇచ్చినాడా?"

చూసింది చూసినట్టే చెప్పాను. లారీ పోయింది. తల ఊగింది. కానీ కొమ్ముల మెలికల్లో నీటిబొట్లు అట్లాగే ఉన్నాయి, పేపరు మీద కొత్తగా ఒక్క చుక్కా రాలలేదు.

ఆయన వంగి చూశాడు. "వణికినాడు. విదిలిచ్చలేదు" అన్నాడు. బొమ్మను తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వారాలు మాకు సరిగా గడవలేదు. జమ్మలమడుగులో సామి ఇల్లు సందులో ఉంటుంది, అక్కడ ఏ కదలికా ఉండదు. నీళ్లు పోసి, చూసి, ఎవరి బస్సుకు వాళ్లం పోయాం. ప్రొద్దుటూరులో మిద్దెమీద మళ్లీ అదే. ఆయన మెట్ల మీద కూర్చునేవాడు, మేం లోపల. విదిలించేదాకా కథ ముందుకు పోకూడదు. అట్లాగని ఆగిపోదు కూడా అని సామి తేల్చాడు. కాబట్టి ప్రతివారం ఆయన్ను లోపలికి పిలిచాక, లోయ కింద ఊళ్లలో ఏం జరుగుతోందో చెప్పేవాడు. మొదట బావులు అడుగంటాయి. తర్వాత జనం మూటలు కట్టుకున్నారు. షాపామె ఇక తనవల్ల కాదని, ఆదివారం పూట నిద్రన్నా పోవచ్చని గొణిగింది, అయినా వస్తూనే ఉంది. నేను డెస్కులో వేరేవాళ్ల వార్తలు దిద్దుతూ, మధ్యలో ఆ కొమ్ముల మీది చుక్కల గురించి ఆలోచించేవాణ్ణి. శీర్షికలు రెండుసార్లు రాయాల్సి వచ్చేది.

పులివెందులలో ఆడిన ఒకవారం సామి, మందలు కదలలేకపోతున్నాయి అని చెప్పాడు. కాపరులు గొర్రెలను ఎండిన వాగులోనే వదిలి పోతున్నారన్నాడు. ఆయన తల ఎత్తాడు.

"వదిలి ఎట్ల పోతారు సామీ? అవి ఎనకాల రావా?"

"నిలబడ్డానికి ఓపిక ఉంటే కదప్పా రావడానికి."

"ఎన్ని ఉండాయి?"

సామి ఆ లెక్క రాసుకోలేదు. శానా అన్నాడు. నాటకపు భాష ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలియదనుకుంటాను. డ్రాగన్ మనిషి ఏం చేస్తాడని అడిగితే, వాగులోకి దిగి గొర్రెపిల్లలను చంకనేసుకుని పైకి మోస్తాడన్నాడు. మళ్లీ దిగుతాడన్నాడు. సామి పాచిక వేయమంటే వేశాడు. కొన్ని బతికాయి, కొన్ని బతకలేదు. ఆ వారం షిఫ్టు బస్సు హారన్ కొట్టినా ఆయన లేవలేదు, వాళ్లమ్మ వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

తర్వాతి ఆదివారం కూడా పులివెందులలోనే. నేను, షాపామె ఒకే బస్సులో దిగి పోయేసరికి సామి అప్పటికే వచ్చి ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, పాత పంచె చించి మడతలు పెట్టి టేబుల్ నాలుగు కాళ్ల కిందా దోపుతున్నాడు. అదిరితే అదురు పైకి రాకుండా. మమ్మల్ని చూసి, అడిగేది సరిగా అడగాలి కదా, లారీ చెప్పింది వాడు చెప్పినట్టు కాకూడదు అన్నాడు. లెక్కల మాస్టరు మాటలాగే ఉంది. కానీ ఆ త్యాగాన్ని రాసుకున్నది తనే. బొమ్మ బతికితే కథంతా మళ్లీ రాసుకోవాల్సింది కూడా తనే.

ఆయన లోపలి గదిలోంచి షిఫ్టు బట్టల్లోనే వచ్చాడు. వస్తూనే కాళ్ల కింది గుడ్డలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టేబుల్ అంచు ఎత్తి పట్టుకుని, కాలితో ఒక్కొక్క మడతనూ బయటికి తోశాడు.

"ఎందుకు సామీ అడ్డం? రానీ."

"అది న్యాయం కాదప్పా."

"వాగులో అవి ఎదురుచూస్తాండాయి గదా" అన్నాడు.

ఫ్యాను ఆపాడు. కిటికీ మాత్రం మూయలేదు. బొమ్మను నిలబెట్టి నీళ్లు పోశాడు. ఎప్పుడూ ఒక చెంచా పోసేవాడు, ఈసారి గ్లాసులో ఉన్నదంతా, తలమీంచి కారి పేపరు తడిసేలా పోశాడు. బయటికి పోతాడని మేం జరిగి దారిచ్చాం. పోలేదు. కుర్చీ లాక్కుని బొమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. సాకినోళ్లు ముందర ఉండకూడదన్నావు కదా అని షాపామె మెల్లగా గుర్తుచేసింది. తల అడ్డంగా ఊపాడు, అంతే.

ఒక ఆటో పోయింది. బైకులు పోయాయి. బొమ్మ నీళ్లు కారుతూ నిలబడి ఉంది. ఆయన దానివైపు ఊరికే చూడడం లేదు, ఏదో చెబుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. ఏం చెప్పాడో వినిపించలేదు. నేను వినే ప్రయత్నం కూడా చేయలేదు. సామి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

లారీలు రెండు, ఒకదాని వెనకాల ఒకటి వచ్చాయి. కిటికీ రెక్క కొట్టుకుంది. గ్లాసు టేబుల్ అంచుదాకా జరిగింది. బొమ్మ తల ఒక పక్కకు ఒరిగి, మళ్లీ ఇటు తిరిగి, గబగబా విదిలించింది. కొమ్ముల మెలికల్లోంచి చుక్కలు ఎగిరి పేపరు అంచు మీద, సామి కళ్లద్దాల మీద పడ్డాయి.

సామి నోరు తెరిచి ఏదో అనబోయాడు. లారీ సంగతే అయ్యుంటుంది. ఆయన అననివ్వలేదు.

"ఇచ్చినాడు" అన్నాడు.

నన్ను ఈసారి ఎవరూ అడగలేదు. అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

సామి ఈ ఘట్టానికి ఎప్పటినుంచో మాటలు రాసి పెట్టుకున్నాడు. ఆ కాగితం ఆయన ముందే ఉంది, పైన చుక్కలు పడి సిరా అలుక్కుంది. దాన్ని చూడలేదు. లోయ గట్టు మీద డ్రాగన్ మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడని, నొప్పి తెలియలేదని, అంతటితో అయిపోయిందని రెండు మాటల్లో చెప్పాడు. ఆయన వైపు తిరిగి,

"నీళ్లు దిగినాయప్పా" అన్నాడు.

"వాగులోకి వచ్చినాయా?"

"వచ్చినాయి."

"గొర్లు తాగినాయా?"

"తాగినాయి."

"అయితే సరే."

బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆయన లేచి, టిఫిను సంచీ భుజాన వేసుకుని, వాళ్లమ్మకు చెప్పి పోయాడు. రోజూ చొక్కా జేబులో పెట్టుకునే బొమ్మను టేబుల్ మీదే వదిలేశాడు. పిలిచి ఇద్దామని షాపామె లేచింది గానీ, అప్పటికే బస్సు కదిలింది.

తడిసిన పేపరు మీద బొమ్మ ఒక్కటే నిలబడి, కదిలిపోతున్న బస్సు అదురుకు ఇంకా తల ఊపుతూనే ఉంది. సామి వంగి, మూలకు తన్నిన పంచె మడతలు ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, టేబుల్ ఎత్తిపట్టమని నాకు సైగ చేశాడు. నేను ఎత్తాను. నాలుగు కాళ్ల కిందా మడతలు సరిచూసి దోపాడు.

ఆ తర్వాత పోయిన లారీకి బొమ్మ కదల్లేదు.